పెద్దకోడలి టైమర్లు

లాండ్రీ కింద, ఇల్లు పైన. వీధిలోంచి అద్దాల తలుపు తోసుకుని లోపలికి వస్తే ముందు కౌంటరు, దాని వెనక గోడవారగా వరసగా పెద్ద వాషింగ్ మెషీన్లు, వాటికి ఎదురుగా ఇస్త్రీ బల్ల. కౌంటరులో అత్తగారు కూర్చుంటుంది. ఇస్త్రీ బల్ల దగ్గర మామగారు నిలబడతాడు. పెద్దకొడుకు మెషీన్ల మరమ్మతు చూస్తాడు, చిన్నకొడుకు వ్యానులో బట్టలు తెచ్చి ఇచ్చి వస్తాడు. ఇంతమంది పనినీ ఒక దారిలో నడిపించేది మాత్రం కౌంటరు కింద సబ్బు డబ్బాల పక్కన ఉన్న పాత కంప్యూటరు. అందులో ఉన్న ప్రోగ్రామ్ పెద్దకోడలు రాసింది.

ఆమె కాలేజీలో చదివింది వేరే. ప్రోగ్రాములు రాసే జావాస్క్రిప్టు భాష మాత్రం పెళ్ళయ్యాక, వంటింటి గోడకి ఫోను ఆనించి పెట్టుకుని, వీడియోలు చూసి సొంతంగా నేర్చుకుంది. అంతకుముందు ఏ మెషీన్ ఎప్పుడు ఆపాలో అత్తగారు మనసులో గుర్తుపెట్టుకోవాల్సి వచ్చేది. ఒకరి బట్టలు నానిపోయేవి, ఇంకొకరివి రంగు దిగేవి, కౌంటరు దగ్గర రోజూ రభసే. పెద్దకోడలు మొగుడి చేత మెషీన్లన్నిటికీ తీగలు కలిపించి కంప్యూటరుకి అప్పజెప్పింది. అత్తగారు ఖాతాదారు పేరు, ఫోన్ నంబరు కొట్టి బటన్ నొక్కితే చాలు, ఆ మెషీన్‌కి ఒక టైమర్ మొదలవుతుంది. గడువు తీరగానే ఆ టైమర్ తనకి అప్పగించిన పని చేస్తుంది: డ్రమ్ము ఆపుతుంది, ఖాతాదారుకి మెసేజ్ పంపుతుంది, తలుపు తాళం తీస్తుంది.

అది మొదటిసారి నడిచిన రోజు మామగారు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మరీ చూశాడు. "ఇంజనీరమ్మా! నువ్వు సామాన్యురాలివి కాదు," అన్నాడు. ఆ రోజు నుంచి ఆమెకు ఆ ఇంట్లో అదే పేరు. వీధిలో వాళ్ళు కూడా అలాగే పిలిచేవాళ్ళు. పైకి నవ్వి ఊరుకునేది గాని, ఎవరైనా పొరపాటున ఆ పేరుతో పిలవకపోతే ఆ పూటంతా ఏదో వెలితిగా ఉండేది ఆమెకి.

చిన్నకోడలు వచ్చాక ఆ వెలితి రోజూ ఉండసాగింది.

చిన్నకోడలు పెద్ద కంపెనీలో ప్రోగ్రామర్. పై గదిలో కూర్చుని ఇంటి నుంచే పని చేసేది. ఆమె వచ్చిన వారంలోనే చక్రాల కుర్చీ ఒకటి కొన్నారు, నడుము నొప్పి రాకుండా. పెద్దకోడలు ఇన్నేళ్ళూ ఖాళీ సబ్బు డబ్బా బోర్లించి దాని మీద కూర్చునే ప్రోగ్రామ్ రాసింది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టలేదని ఆమే గుర్తు చేస్తే ఎలా ఉంటుంది? ఊరుకుంది.

పేపర్లో కంప్యూటర్ల గురించి ఏదైనా వస్తే మామగారు ఇదివరకు పెద్దకోడలికి చదివి వినిపించేవాడు. ఇప్పుడు పేపరు పట్టుకుని మెట్లెక్కుతున్నాడు. మొగుడు కూడా అంతే. "ఆ తీగల బోర్డు మార్చాలట, మరదలు చెప్పింది," అన్నాడొకరోజు టీ తాగుతూ.

"నేను చెప్పి ఏడాదయింది," అంది పెద్దకోడలు.

"అవునా? నువ్వు చెప్పినట్టు గుర్తు లేదే."

ఆమె గ్లాసు కడిగిన చప్పుడు కింద కౌంటరు దాకా వినిపించింది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఒక మామూలు ఉదయం తగిలింది. "ఇంజనీరమ్మా, ఒకసారి రా," అని మామగారు కింద నుంచి కేకేశాడు. పెద్దకోడలు తడిచేతులు తుడుచుకుంటూ మెట్ల దగ్గరికి వచ్చేసరికి చిన్నకోడలు అప్పటికే "వస్తున్నా మామయ్యా" అంటూ దిగిపోతోంది. పిలిచింది ఆమెనే. పెద్దకోడలు తువ్వాలు తీసుకోవడానికే వచ్చినట్టు, అక్కడున్న తువ్వాలు తీసుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

అలాగని చిన్నకోడలు చెడ్డది కాదు. "అక్కా, అక్కా" అంటూ వెనకే తిరిగేది. అదే పెద్దకోడలికి ఇంకా కష్టంగా ఉండేది. తిట్టుకోవడానికి కూడా ఏమీ దొరకదు. వేళ్ళు చూసుకోకుండా టైప్ చేస్తుంది, ఇంగ్లీషులో నవ్వుతూ మాట్లాడుతుంది, అత్తగారి కాళ్ళ నొప్పికి మందు పేరు కూడా తనకే తెలుసు. ఒక మనిషికి అన్నీ ఎందుకు?

ఒక మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు పెద్దకోడలు డబ్బా మీద కూర్చుని ప్రోగ్రామ్ తెరిచి చూసుకుంటుంటే చిన్నకోడలు వచ్చి పక్కన నిలబడింది.

"చూడనా అక్కా?"

"చూడు. నీకు పిల్లల ఆటలా ఉంటుందిలే."

"అబ్బే, అదేం మాట? మెషీన్లే తిరుగుతుంటేనూ." ఆమె వంగి చదివింది. శ్రద్ధగా, ఒక్కో వరుసా చదివింది. పెద్దకోడలు ఆమె మొహమే చూస్తూ కూర్చుంది, ఎక్కడ పెదవి విరుస్తుందో అని.

జావాస్క్రిప్టులో ట్రై, క్యాచ్ అని ఒక జత ఉంది. ట్రై కింద పెట్టిన పనిలో తప్పు జరిగితే ప్రోగ్రామ్ కుప్పకూలిపోకుండా క్యాచ్ ఆ తప్పును పట్టుకుంటుంది. పెద్దకోడలు ప్రతి టైమర్ చుట్టూ ట్రై, క్యాచ్ పెట్టింది. తన ప్రోగ్రామ్‌లో ఆమెకి బాగా గర్వంగా ఉన్న భాగం అదే. చిన్నకోడలి వేలు సరిగ్గా అక్కడే ఆగింది.

"ఇది ఒక్కటే అక్కా. టైమర్‌ని ట్రై లోపల పెట్టావు కదా. ఆ టైమర్ మోగేసరికి ఈ ట్రై..."

"నడుస్తోందా లేదా?"

"నడుస్తోంది, కానీ..."

"నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకు? మీ ఆఫీసులో కెలుకుతారేమో. ఇక్కడ జనం బట్టలుంటాయి."

చిన్నకోడలు తెర మీది వేలు వెనక్కి తీసుకుంది. "సరే అక్కా," అని పైకి వెళ్ళిపోయింది. ఆ రోజంతా పెద్దకోడలికి హాయిగా ఉంది. ఎంతో కాలానికి ఒక మాట తన మాటగా నిలిచింది.

ఇది ఇలా ఉండగా అత్తగారికి వేరే తలనొప్పి. ఫోన్ లేనివాళ్ళు, నంబరు ఇవ్వనన్నవాళ్ళు వస్తే ఆమె తన నంబరే కొట్టేది. ఆ మెసేజులన్నీ ఆమె ఫోనుకే వచ్చి, కొంగున కట్టుకున్న తేనెటీగలా అది రోజంతా గుయ్యిమనేది. ఆ సంగతి చిన్నకోడలితో చెప్పుకుంది. "నంబరు గడి ఖాళీగా వదిలెయ్యండి అత్తయ్యా, ఏం కాదు," అని ఆమె చెప్పింది. పెద్దకోడలిని ఎవరూ అడగలేదు.

మర్నాడే మేజిక్ మాస్టారు వచ్చాడు. ఊళ్ళో హాళ్ళలో, బళ్ళల్లో ఇంద్రజాలం చూపిస్తాడు. ఆ సాయంత్రం ప్రదర్శన ఉందని నల్ల అంగరఖా, దాంతో పాటు రంగురంగుల రుమాళ్ళు ఒక సంచీడు తెచ్చాడు. బట్టలు ఉతికేంతసేపూ అక్కడే బల్ల మీద కూర్చుని, వచ్చినవాళ్ళ చెవుల్లోంచి నాణేలు తీస్తూ కాలక్షేపం చేస్తాడు కాబట్టి ఆయనకి మెసేజ్ అవసరం లేదు. అత్తగారు నంబరు గడి ఖాళీగా వదిలేసి బటన్ నొక్కింది.

ఆయన డ్రమ్ము గడువు తీరింది. డ్రమ్ము ఆగింది. తలుపు తెరుచుకోలేదు.

కౌంటరు మీది తెర నల్లబడి, దాని మీద ఎర్ర అక్షరాలు నాలుగు వరసలు పడ్డాయి. కాసేపటికి ఆగాల్సిన పక్క మెషీన్ ఆగలేదు, తిరుగుతూనే ఉంది. దాని పక్కదీ అంతే. తలుపులు తీద్దామన్నా తాళాలు రావడం లేదు. అన్నిటి టైమర్లూ ఆ ఒక్క ప్రోగ్రామ్‌లోనే ఉన్నాయి. అది పోయింది కాబట్టి అవీ పోయాయి.

"ఏమండీ, మా పిల్లల యూనిఫాం ముక్కలైపోతుందేమో చూడండి," అని ఒకావిడ కౌంటరు మీద గుద్దింది. పెద్దకొడుకు పరుగెత్తి మెషీన్ల మెయిన్ స్విచ్ ఆపేశాడు.

మేజిక్ మాస్టారు మెషీన్ ముందు గొంతుక్కూర్చుని అద్దంలోంచి తన అంగరఖాని చూసుకున్నాడు.

"మీరు తాళాలు తీస్తారు కదా మాస్టారూ," అన్నాడు మామగారు, ఏదో ఒకటి అనాలని.

"పెట్టెలో నన్ను పెట్టి తాళం వేస్తే బయటికి వస్తానండీ. లోపలున్నది నా బట్టలు. వాటికి ఆ విద్య రాదు."

పెద్దకోడలు డబ్బా లాక్కుని కూర్చుంది. ప్రోగ్రామ్ మళ్ళీ మొదలుపెట్టింది. ఆగిపోతే ఎక్కడ ఆగిందో అక్కడ నుంచి అందుకునేలా తనే రాసుకుంది. అది బుద్ధిగా మాస్టారి మెషీన్‌ని అందుకుని, గడువు తీరిందని గుర్తించి, టైమర్ మోగించి, మళ్ళీ కుప్పకూలింది. ఎర్ర అక్షరాలు మళ్ళీ అవే.

"ఎప్పుడూ ఇలా కాలేదు. ఎవరైనా దీని మీద చెయ్యి పెట్టారా?" అని అడిగింది.

"ఎవరు పెడతారమ్మా? నేను ఆ నంబరు గడి ఒక్కటే వదిలేశాను. చిన్నమ్మాయి వదిలెయ్యమంది," అంది అత్తగారు.

పెద్దకోడలికి ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చింది. ఆ మాట కోసమే ఎన్నాళ్ళ నుంచో చూస్తున్నట్టు లేచి నిలబడింది. "అదీ సంగతి! నాతో ఒక్క ముక్క అనకుండా నా ప్రోగ్రామ్‌లో వేలు పెడితే ఏమవుతుంది? ఇదే అవుతుంది. పెద్ద కంపెనీ అయితే ఏంటి, ఉన్న గడి ఖాళీగా వదిలెయ్యమని చెప్పే తెలివా?"

గిరాకీలందరూ వింటున్నారు. అరుపులకి చిన్నకోడలు మెట్ల మీదకి వచ్చి సగంలో ఆగిపోయి ఉంది. మొహం కందిపోయింది.

"నేను అప్పుడే చెప్పబోయాను అక్కా. నువ్వే వినలేదు."

"ఏం చెప్పబోయావు? నంబరు తీసెయ్యమని చెప్పావా?"

చిన్నకోడలు వెనక్కి తిరిగింది. పైకి వెళ్ళింది. గది తలుపు గట్టిగా పడింది. పెద్దకోడలికి గెలిచినట్టే అనిపించింది గాని, మెషీన్లు మాత్రం మూసుకునే ఉన్నాయి.

పెద్దకొడుకు ఒక్కో మెషీన్ కింద పలక విప్పి, నీళ్ళు వదిలేసి, లోపలి తీగ లాగి తలుపులు తీయడం మొదలుపెట్టాడు. ముందు మాస్టారిదే తీశాడు. మామగారు ఆ అంగరఖాని బల్ల మీద పరిచి ఆవిర్లు వచ్చేలా ఇస్త్రీ చేశాడు. మాస్టారు అరతడి అంగరఖా భుజాన వేసుకుని, "తడిగా ఉన్నా జనానికి కనిపించదులెండి, వాళ్ళకి కనిపించకుండా చెయ్యడమే కదా నా పని," అని వెళ్ళిపోయాడు.

పెద్దకోడలు ఎర్ర అక్షరాలు మళ్ళీ చదివింది. లేని నంబరులోంచి అంకెలు తీయబోతే తప్పు వచ్చిందని ఉంది. అది అర్థమైంది. కానీ తప్పు వస్తే పట్టుకోవడానికే కదా క్యాచ్ పెట్టింది? అది ఎందుకు పట్టుకోలేదు? దాని బయట ఇంకో ట్రై, క్యాచ్ పెట్టింది. నడిపించింది. మళ్ళీ కూలింది. మొత్తం ఫైలుకే ఒకటి చుట్టింది. అదీ అంతే, తప్పు దాని పక్క నుంచి నడిచి వెళ్ళిపోయినట్టు పోయింది.

"చిన్నమ్మాయిని పిలవనా?" అంది అత్తగారు మెల్లగా.

"వద్దు."

మాస్టారి పద్దు తీసేస్తే ఈ పూటకి గండం గడుస్తుంది. ఆమెకి ఆ సంగతి తెలుసు. కానీ తను చుట్టిన కంచె ఎందుకు పనిచేయలేదో తెలియకుండా ఆ మెషీన్ల దగ్గర ఇంక నిలబడలేననిపించింది. "ఆ టైమర్ మోగేసరికి ఈ ట్రై..." ఆ తర్వాత మాట ఏమిటి? తనే నోరు మూయించింది. ఆ సగం వాక్యం చెవిలో తిరుగుతుంటే, మెట్లెక్కింది.

తలుపు ఓరగా తెరిచి చూస్తే చిన్నకోడలు ఆఫీసు మీటింగులో ఉంది. తెర మీద ఎవరో ఒకాయన మాట్లాడుతున్నాడు. మొహం కూడా ఎత్తకుండా, "అది నీకు సంబంధించింది కాదు. నీకిచ్చిన ఆ బటన్ సంగతి చూడు, చాలు. పోయిన నెల నుంచీ అదే చెబుతున్నాను," అంటున్నాడు. చిన్నకోడలు "సరే సార్" అంది. ఆ గొంతు కింద "మామయ్యా" అని పిలిచే గొంతు కాదు.

పెద్దకోడలికి ముందు సంతోషం కలిగింది. ఆ తర్వాతే సిగ్గు వేసింది. వచ్చిన వరస అదేనని ఆమెకి తెలుసు.

మీటింగు అయిపోయింది. చిన్నకోడలు కుర్చీ తిప్పి ఆమెని చూసింది. ఎంతసేపటి నుంచి నిలబడిందో అడగలేదు.

"మాస్టారు వెళ్ళిపోయారా?"

"వెళ్ళారు. తడి అంగరఖాతో." పెద్దకోడలు గుమ్మం పట్టుకుంది. "ఆ రోజు నువ్వేదో చెప్పబోయావు. టైమర్ మోగేసరికి ట్రై అని. తర్వాత ఏంటి?"

చెప్పకుండా ఉండాలన్న కోరిక చిన్నకోడలి మొహంలో కాసేపు కనిపించింది. తర్వాత లేచింది. "కిందకి పద. దాని ముందే చెప్తాను."

కింద ఇద్దరూ రెండు డబ్బాల మీద కూర్చున్నారు.

"టైమర్‌కి పని అప్పజెప్పడం వేరు, ఆ పని జరగడం వేరు అక్కా. నీ ట్రై అప్పజెప్పేటప్పుడు మాత్రమే కాపలా ఉంటుంది. అప్పజెప్పడం ఒక్క క్షణంలో అయిపోతుంది, కాపలా కూడా వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఎప్పుడో టైమర్ మోగి ఆ పని మొదలయ్యేసరికి దాని చుట్టూ ఎవరూ ఉండరు. తప్పు వస్తే పట్టుకునే దిక్కు లేదు."

"మరి బయట ఇంకోటి చుట్టానే?"

"ఎన్ని చుట్టినా అన్నీ అప్పటికి వెళ్ళిపోయినవే."

పెద్దకోడలు తెర మీది వరుసలు వెనక్కి జరిపి తన ట్రై దగ్గర ఆపింది. "అంటే కాపలా ఆ పని లోపలే ఉండాలి. టైమర్ పిలిచే ఫంక్షన్ లోపల."

"అంతే."

ఆమె ట్రైని టైమర్ బయట నుంచి తీసి లోపలికి మార్చింది. మార్చాక చిన్నకోడలు ఒక వరుస మీద వేలు పెట్టింది. "మెసేజ్ పంపడం కూడా తర్వాతెప్పుడో పూర్తయ్యే పనే అక్కా. ఇక్కడ అవెయిట్ రాసి అది ముగిసేదాకా ఆగకపోతే, దాంట్లో వచ్చే తప్పు కూడా మన క్యాచ్‌కి దొరక్కుండా జారిపోతుంది." పెద్దకోడలు అది రాసింది. రాస్తూ రాస్తూ ఆగి, "అసలు మెసేజ్ కోసం తలుపు ఎందుకు ఆగాలి? ముందు తలుపు తీసేస్తాను. మెసేజ్ పోతే పోతుంది," అంది.

"అది నాకు తట్టలేదు," అంది చిన్నకోడలు. నిజంగానే అంది.

"ఇంకోటి పెట్టలేమా? ఎక్కడ ఏ తప్పు వచ్చినా ప్రోగ్రామ్ ఆగకుండా, అన్నిటికీ కలిపి అడుగున ఒక వల?"

"పెట్టొచ్చు. కానీ దాన్ని నమ్ముకుని ముందుకి నడిపించకూడదు. సగం పని అయి సగం కాకుండా ఉంటుంది. ఏ డ్రమ్ములో ఏముందో దానికి గుర్తుండదు. ఏం జరిగిందో రాసిపెట్టుకుని, ఆగి, మళ్ళీ మొదటి నుంచి లేవాలి."

"లేచాక నీళ్ళున్నాయో లేదో మెషీన్‌నే అడగాలి. లేకపోతే వేడినీళ్ళు ఎవరి కాళ్ళ మీదైనా పడతాయి," అంది పెద్దకోడలు. ఇద్దరూ కాసేపు ఆ సంగతే మాట్లాడుకున్నారు. మధ్యలో ఒకరి మాటకి ఒకరు అడ్డుపడ్డారు కూడా.

ఆమె పాత దుప్పటి ఒకటి డ్రమ్ములో వేసి, నంబరు గడి ఖాళీగా వదిలి, గడువు కాస్త పెట్టి నడిపించింది. ఇంకో రెండు మెషీన్లు కూడా పక్కన తిరుగుతున్నాయి. గడువు తీరింది. డ్రమ్ము ఆగింది, తాళం టక్కుమంది, తలుపు తెరుచుకుంది. తెర మీద ఒక ఎర్ర వరుస పడింది. మిగతా మెషీన్లు తమ పని తాము చేసుకుంటూ పోయాయి.

"ఎర్రగా వచ్చిందేంటి మళ్ళీ?" అని అత్తగారు హడలిపోయింది.

"ఈసారి రావాల్సిందే అత్తయ్యా. తప్పు దొరికిందన్నమాట."

చిన్నకోడలు లేవబోయింది. పెద్దకోడలు ఆమె వైపు చూడకుండానే, "పొద్దున అందరి ముందూ తప్పంతా నీ మీదకి తోసేశాను," అంది.

చిన్నకోడలు ఇస్త్రీ బల్ల మీది తువ్వాలు ఒకటి తీసి నిలబడే మడత పెట్టింది. "నంబరు సంగతి నిన్ను అడగాలని నాకు తెలుసక్కా. కావాలనే అడగలేదు. ఇక్కడ ఎవరికి ఏం కావాలన్నా నీ దగ్గరికే వస్తారు. నా పని బటన్. అది కూడా రంగు మార్చడం. నువ్వు రాసింది తిరుగుతుంది, నీళ్ళు పోస్తుంది, జనం వచ్చి బట్టలు పట్టుకెళ్తారు. ఒక్కటైనా నేను చెప్పింది జరగాలనిపించింది."

తనని చూసి ఎవరైనా కుళ్ళుకుంటారని పెద్దకోడలు ఎప్పుడూ అనుకోలేదు. అది వినడానికి, చెప్పకూడదు గాని, బాగానే ఉంది.

ఆ పూట భోజనాల దగ్గర ఆమె అందరికీ చెప్పింది. "నంబరు ఖాళీగా వదలడం ఒక వంక మాత్రమే. తప్పు నా ప్రోగ్రామ్‌లోనే ఉంది, మొదటి నుంచీ ఉంది. చెల్లి ముందే చూసింది, నేనే చెప్పనివ్వలేదు." ఈ నాలుగు మాటలూ గొంతు దాటడానికి గ్లాసుడు నీళ్ళు తాగాల్సి వచ్చింది. మామగారు శ్రద్ధగా విని, "ఇంతకీ రేపు తలుపులు తెరుచుకుంటాయా లేదా?" అన్నాడు. తెరుచుకుంటాయంటే, "మరి ఇంకేం," అని కంచం వైపు తిరిగాడు. మొగుడు మాత్రం ఆమె వైపు కాస్త ఆశ్చర్యంగా చూశాడు.

అసూయ అంతటితో పోలేదు. ఆ తర్వాత చిన్నకోడలు ఆఫీసు పని అయ్యాక రోజూ కిందకి దిగసాగింది. ఇద్దరూ కలిసి పని చేస్తారు, పోట్లాడుకుంటారు, టీ తాగుతారు. ఒక సాయంత్రం ప్రతి టైమర్‌కీ ట్రై, క్యాచ్ మళ్ళీ మళ్ళీ రాయనక్కర్లేకుండా, ఏ పని ఇచ్చినా దాన్ని కాపలాతో సహా చుట్టి టైమర్‌కి అందించే చిన్న ఫంక్షన్ ఒకటి చిన్నకోడలు రాసింది. "నువ్వు చూసి పెట్టక్కా, బాగుంటేనే ఉంచు," అని పైకి వెళ్ళిపోయింది.

కొట్టు మూసే వేళయింది. అత్తగారు దీపాలు ఒక్కోటీ ఆర్పుతోంది. పెద్దకోడలు తెర ముందు కూర్చుని ఆ ఫంక్షన్ చదివింది. తను రాస్తే ఇంతకి రెండింతలు ఉండేది. మళ్ళీ చదివింది. ఎక్కడో ఒకచోట లోపం ఉండకపోదని నంబరు లేకుండా నడిపించింది, పేరు లేకుండా నడిపించింది, తీగ ఊడదీసి కూడా నడిపించింది. లోపం దొరకలేదు. "ఇంకా ఏం చూస్తున్నావమ్మా?" అంది అత్తగారు చివరి స్విచ్ మీద చెయ్యి వేసి. "ఏం లేదత్తయ్యా," అని ఆమె ఆ ఫంక్షన్‌ని ప్రోగ్రామ్‌లో ఉంచేసి, పైకి వెళ్ళడానికి లేచింది.